ధర్మేంద్ర తెచ్చిన గ్రీన్ టీ

అటక మీది చింతపండు కుండలో చెయ్యి పెట్టేసరికి నాగరత్నమ్మకు ఒళ్లు మండిపోయింది. రెండు నెలల షుగరు మాత్రలు, ఒక్కటీ విప్పకుండా అందులో ఉన్నాయి. మింగుతున్నానని పొద్దూ మాపూ చెప్పిన మొగుడు తిరుమలయ్య కింద కూర్చొని గ్రీన్ టీ తాగుతున్నాడు. అదీ చిక్కటి పాలు పోసి, ఇంత బెల్లం వేసి!

"చేదుగా ఉంటే ఏం చేసేది? బెల్లమే గదా, చక్కెర వేసినానా?" అన్నాడు.

పాకాల స్టేషను ముందర ఇరవై ఏండ్లుగా టీ అంగడి నడుపుతున్న నాగరత్నమ్మకు ఆ మాట వింటే ఎట్లా ఉంటుంది?

ఆ ఆకు తెచ్చిపెట్టింది ఆడబిడ్డ దేవకమ్మ కొడుకు ధర్మేంద్ర. రెండువేల ఆరులో తిరుపతిలో ఈ ఆకు అమ్మే ఏదో కంపెనీలో చేరినప్పటి నుంచి వాడి నోటికి మూత లేదు. చైనావాళ్లు వేల ఏండ్లుగా దీన్ని మందుగా తాగుతున్నారట, కొవ్వు కరుగుతుందట, షుగరు మూడు నెలల్లో ఎగిరిపోతుందట. నాగరత్నమ్మ ఊరుకోక డాక్టరమ్మనే అడిగింది. "పాలు, చక్కెర లేకుండా పలచగా తాగితే మంచిదే. మాత్రలు మాత్రం మానకూడదు" అందామె. ఆ మాట ఇంట్లో రెండుసార్లు చెబితే తిరుమలయ్య బుద్ధిగా తలూపాడు. ఊపిన తల అదే, మాత్రలు దాచిన తలా అదే!

సరిగ్గా అప్పుడే ధర్మేంద్ర తెల్ల చొక్కా ఒకటి చేతబట్టుకొని వచ్చాడు.

"మామా, లెయ్యి. ఈ కొత్త చొక్కా తొడుక్కో. తిరుపతిలో మా కంపెనీ మీటింగుండాది. స్టేజీ ఎక్కి, మాత్రలు మానేసినాను, షుగరు పోయిందని రెండు ముక్కలు చెప్తే సాలు."

తిరుమలయ్య లేచి నాలుగడుగులు వేశాడు. గచ్చు మీద నెత్తుటి మరకలు పడ్డాయి. నాగరత్నమ్మ పాదం పట్టుకొని చూస్తే, అరికాల్లో తుమ్మముల్లు విరిగి, చుట్టూ నల్లబడి చీము పట్టి ఉంది.

"యాడ గుచ్చుకునిందో, నాకు తెలీనే లేదే!" అన్నాడాయన.

ఆమె ధర్మేంద్ర వైపు తిరిగింది. వెంటనే నోరు లేచింది.

"సూడరా, కళ్లు తెరిచి సూడు! ముల్లు దిగినా తెలీని కాలు! ఎదురింటి మునస్వామికి ఇట్లే మొదలై మోకాలి దాకా తీసేసినారు. టీ గురించి నాకు చెప్తావా నువ్వు? తాగితే మబ్బు వదుల్తుంది, పానం తేలిగ్గా ఉంటుంది, కాదనేదెవరు? మీ చైనావోళ్లు మాత్రలు చింతపండు కుండలో దాసిపెట్టి తాగినారా?"

"అది కాదత్తా, పూర్వకాలం నుంచి..."

"నోరు ముయ్యి! నీ ఆకూ అలమూ ఒక్కటి గూడా నా ఇంట్లో ఉండగూడదు!"

వాడి బ్యాగు లాక్కొని, ఇంట్లో ఉన్న టీ డబ్బాలు అందులో కుక్కబోయింది. లోపలి నుంచి మెడికల్ షాపు కవరొకటి జారి కింద పడింది. అందులో షుగరు మాత్రలు, చీటీ మీద దేవకమ్మ పేరు.

తిరుమలయ్య వంగి ఆ కవరు తీసుకొని పేరు చదివాడు.

"మీ అమ్మకు ఈ టీ ఇయ్యలేదా రా?"

"ఇస్తానే ఉండా మామా."

"మరి మాత్రలు?"

ధర్మేంద్ర తల వంచుకున్నాడు.

"అమ్మ గదా మామా... మాన్పిస్తే ఎట్లా?"

నాగరత్నమ్మ ఇంక తిట్టలేదు. తెల్ల చొక్కాను పర్రున చించి మొగుడి కాలికి కట్టింది.

"పోయి ఆటో పిలుసుకొని రా. స్టేజీ మీద చెప్పించాలనుకున్న ఆ రెండు ముక్కలు డాక్టరమ్మ ముందర నువ్వే చెబుదువు గానీ" అంది.