ఆముదం రాసుకున్న చెయ్యి

మా నాయన చెంచయ్య ఉదయగిరిలో ముప్పై ఏళ్ళు ఇళ్ళ తూములు తీశాడు. ఎవరి బాత్రూములో నీళ్ళు నిలిచినా కబురు ఆయనకే వచ్చేది. పెరటి దారిన వెళ్ళేవాడు. కర్రగానీ కమ్మీగానీ వాడడు. మోచేతి దాకా ఆముదం రాసుకుని, నేలమీద బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చేవాడు.

"కర్రకేం తెలుస్తాది? అడ్డంపడిన గడ్డను ఇంకా లోపలికి తోస్తాది. చేతికైతే లోపల ఏముండాదో తెలుస్తాది" అనేవాడు.

ఆ చేత్తోనే నన్ను బి.కాం. దాకా చదివించాడు. మా వాళ్ళలో డిగ్రీ చదివింది నేనే మొదలు.

ఆత్మకూరులో నాకు సచివాలయం ఉద్యోగం వచ్చాక, కామాక్షమ్మ గారింట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాను. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. నాయనను నా దగ్గరికి తెచ్చుకున్నాను. సామాను దించిన రోజే ఆయనకు చెప్పాను.

"నాయనా, ఇక్కడెవరన్నా అడిగితే పొలం పనికి పొయ్యేవాణ్ణని చెప్పు. ఆ పని మాట ఎత్తొద్దు."

"ఎందుకెత్తుతాను పాపా? నాకేమన్నా దానిమీద మోజా?" అని నవ్వాడు.

ఆ మాట తప్పలేదు. వానలకు వీధి కాలువ పొంగి జనమంతా గోల పెడుతున్నా, అటు చూడకుండా అరుగు మీద కూర్చునే ఉన్నాడు.

మొన్న జూలైలో మా బాత్రూములోనే నీళ్ళు నిలిచాయి. చీలమండల దాకా వచ్చాయి. ప్లంబర్ మాల్యాద్రికి ఫోన్ చేస్తే "రేపొస్తా మేడమ్" అన్నాడు. మూడు రోజులూ అదే మాట. పైనుంచి కామాక్షమ్మ గారు దిగి వచ్చారు.

"ఏంది సుజాతా, మీ నాయన ఊరికే కూర్చోనుండాడు గదా. ఒక పుల్ల పెట్టి పొడవమనకూడదా?"

"మా నాయనకు అట్టాంటివి రావు ఆంటీ" అన్నాను.

అరుగు మీద నాయన వింటూనే ఉన్నాడు. తల తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున మోపెడ్ మీద ఫినాయిలూ యాసిడూ అమ్మేవాడు వీధిలోకి వచ్చాడు. ఒక సీసా యాసిడ్ కొన్నాను. నాయన పాలకు పోయిన సమయంలో చెంబుతో నీళ్ళన్నీ తోడేసి, సీసా మొత్తం తూములో పోసి, తలుపు వేశాను. ఆయన రాగానే, "బాత్రూములోకి పోవద్దు నాయనా, మధ్యాహ్నం మనిషొస్తాడు" అన్నాను. అది అబద్ధం. యాసిడ్ సంగతి చెప్పలేదు. చెబితే ఆయన "అదెందుకమ్మా, నేను తీస్తా" అంటాడు. ఆ మాట మా ఇంట్లో వినబడకూడదని నా పట్టుదల. ముప్పై ఏళ్ళు ఆ పని చేసి ఆయన ముక్కుకు వాసనలు తెలియకుండా పోయాయన్న సంగతి నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి అన్నానికి ఇంటికి వస్తే నాయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు.

"మనిషొచ్చి తీసిపోయినాడు పాపా. నీళ్ళు బాగా పోతుండాయి."

ఏ మనిషీ రాడని నాకు తెలుసు. తువ్వాలు లాగి చూశాను. వేళ్ళ మీద తోలు ఊడి వస్తోంది. దాని మీద టూత్‌పేస్టు పూసుకున్నాడు. నా కేకకు కామాక్షమ్మ గారు పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో, ఏమైంది చెంచయ్యా?"

"కాఫీకి నీళ్ళు కాగబెడతా చెయ్యి మీద పోసుకున్నానమ్మా" అన్నాడు నాయన, నావైపు చూస్తూ.

ఆవిడే ఆటో పిలిపించి, ఆసుపత్రికి మాతో వచ్చారు. నర్సు చెయ్యి తిప్పి తిప్పి చూసింది.

"వేణ్ణీళ్ళు పడితే ఇట్టా ఉండదే. ఇంకేమన్నా పడిందా?" అని నన్ను అడిగింది.

పక్కన కామాక్షమ్మ గారు నిలబడి ఉన్నారు.

"వేణ్ణీళ్ళే" అన్నాను.

ఆయింట్‌మెంటు రాసి కట్టు కట్టారు. తెల్లారేసరికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. మళ్ళీ వెళ్ళి డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన వేళ్ళు నొక్కి చూశాడు.

"నిన్న చెప్పుంటే ముందు నీళ్ళ కింద పెట్టి బాగా కడిగేవాళ్ళం గదమ్మా" అన్నాడు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నాం. తొడ మీది తోలు తీసి చేతికి వేశారు. ఆ రెండు వేళ్ళు ఇక వంగవని చెప్పి పంపించారు.

తిరిగి వచ్చాక కామాక్షమ్మ గారికి నాయన చేసిన పనితో సహా అంతా చెప్పాను. "ముందే చెప్పుంటే నేనేమన్నా అనేదాన్నా?" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. మెట్లెక్కబోతూ ఆగి, "చెయ్యి నయమైనాక మా వంటింటి సింకు ఒక తూరి చూడమను. ఆయనకు తెలిసిన పనే గదా" అన్నారు.

"చెయ్యలేడు ఆంటీ" అన్నాను.

ఇప్పుడు అన్నం నేనే కలిపి తినిపిస్తున్నాను. మొదట్లో సిగ్గుపడి గోడవైపు తిరిగి తినేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మంట పుట్టలేదా నాయనా? అప్పుడే చెయ్యెందుకు తియ్యలేదు?"

"పుట్టింది. సబ్బు సోడా ఏమో అనుకున్నా. అప్పటికే గడ్డ వేళ్ళకు తగిలింది. వదిలితే మళ్ళా జారిపోతాది. ఆ మనిషి ఎట్టాగూ రాడని తెలుసు. నువ్వొచ్చేలోపల అయిపోతే, ఆ మనిషే వచ్చి తీసినాడనుకుంటావు గదా అని పట్టుకోనుండా."

"యాసిడ్ పోశానని చెప్పుంటే?"

"చెప్పుంటే చెయ్యెందుకు పెడతాను పాపా?"

ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

నా చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆయన కాసేపు చూసి, "పెట్టమ్మా, నీకు ఆఫీసుకు టైమవతా ఉండాది" అన్నాడు.