గాలికన్ను చీటీ

పక్షవాతం వచ్చి మూడు రోజులైనా అన్నయ్య నోరు విప్పలేదు. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వితీసే నిఘంటువు ఆఫీసులో ముప్పై ఏళ్లుగా మాటలతోనే కాపురం చేస్తున్న మనిషి. అలాంటివాడికి మాటే పోతే ఇక మిగిలేదేమిటని చెల్లెలి బెంగ.

డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది. "మీకు బాగా తెలిసిందే అడుగుతానండీ. విండో అంటే ఏమిటి?"

అన్నయ్య తన ఒళ్లోకి చూశాడు. బాగున్న చెయ్యి దుప్పటి మీద ఆడుతోంది, రెండు వేళ్లతో దేన్నో ఒక్కొక్కటే వెనక్కి తోస్తున్నట్టు.

"మాట అర్థమవుతున్నట్టు లేదమ్మా" అంటూ డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది.

అంతలోనే చెల్లెలు ఆ వేళ్లను గుర్తుపట్టింది, డ్రాయర్లో చీటీలు తిప్పే తీరు అది. మాట పుట్టుక రాసిపెట్టిన చీటీ చూడకుండా ఏ మాటకీ అర్థం చెప్పకూడదని ఆ ఆఫీసులో పట్టింపు. నోటికొచ్చింది చెప్పడం అక్కడ దొంగతనంతో సమానం. ఈ మహానుభావుడు ఆ నియమాన్ని ఆస్పత్రి దాకా మోసుకొచ్చాడు!

"ఆ రాత కాస్త ఆపండి డాక్టరమ్మా! మా అన్నయ్యకి చీటీ కావాలి" అంటూ గుమ్మంలో కనిపించిన ఎవరివో చెప్పులు తొడుక్కుని పరుగెత్తింది. రెండు వీధుల అవతల ఉన్న ఆఫీసులో బతిమాలి, డబ్ల్యూ అక్షరం చీటీల డ్రాయరును చంకనెత్తుకుని వచ్చింది. తొందరలో ఆస్పత్రి మెట్ల మీద చీటీలన్నీ ఒలకబోసింది. దొరికినవి దొరికినట్టు కుక్కి అతని ఒళ్లో పెట్టింది.

రెండు చీటీలు తిప్పేసరికి అన్నయ్య మొహం చిట్లించాడు. "వ... వరుసంతా తగలేశావు కదే!"

తిట్టయితేనేం, ఆమె చెవిలో అమృతం పోసినట్టయింది.

వెతగ్గా వెతగ్గా చీటీ దొరికింది. దానికేసి ఓసారి చూసి పక్కన పెట్టి, కూడబలుక్కుంటూ మొదలెట్టాడు. "ఐరోపా ఉత్తరపు సముద్రాల వాళ్ల మాట. గాలి... కన్ను. పొగ పోవడానికి కప్పులో కంత ఉండేది. మన గవాక్షమేమో... ఆవు కన్ను. కన్ను ఇద్దరికీ ఉంది. ఆవే... వాళ్లకి లేదు."

డాక్టరమ్మ పకపకా నవ్వి, రాసింది కొట్టేసింది. "సరే, ఇంకొక్కటి. ఈవిడ ఎవరు?"

ఈసారి అన్నయ్య చెయ్యి డ్రాయరు మీదకి పోలేదు.

"నా చెల్లెలు" అన్నాడు, తడబాటన్నది లేకుండా. మూడు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు ఆమె అప్పుడు ఏడ్చింది, హాయిగా.