ఆమె అడిగిన చునో

మా వైపు వరిచేల పక్క గుంటల్లో ఖల్సే చేపలు పుడతాయి. కలకత్తా దుకాణాలవాళ్లు గాజుతొట్టిలో వేసి వాటినే గౌరామి అంటారు. ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం నేనూ నా భార్య క్షీరోదా అల్యూమినియం హండీల్లో ఖల్సేలు పోసుకుని, మొదటి బండికి బాగ్‌బజార్ సంతకి వెళ్లేవాళ్లం.

పట్టడం నా పని. ఏ చేప దేనితో కలుస్తుందో చెప్పి అమ్మడం ఆమె పని. నాకు మాట తక్కువ. సంచుల్లో నీళ్లు పోసి మూతి కట్టేవాణ్ణి.

గట్టుమీద వల దులిపి, మెరిసే ఎర్ర ఖల్సేల్ని హండీలోకి, పాలిపోయిన చిన్నవాటిని కూర కుప్పలోకి వేసేవాణ్ణి. ఆమె ఆ కుప్ప ముందు కూచుని, బతికున్నవి కొన్ని ఏరి మళ్లీ నీళ్లలో వేసుకునేది.

సంతలో జంట కావాలని వచ్చినవాళ్లు రెండు ఎర్రవే చూపించేవాళ్లు.

"రెండూ పెళ్లికొడుకులే బాబూ! పెళ్లికూతురేదీ? ఆ బూడిదరంగుది తీసుకెళ్లు. అందంగా లేదని వదిలేశావో, నీ తొట్టిలో రోజూ కొట్లాటే," అనేది క్షీరోదా.

పక్కన పావురాలమ్మే భూత్‌నాథ్‌కి నేను అన్న, ఆమె వదిన వరస. ఊరుకునేవాడు కాదు. "మరి మా దాదాని ఏ రంగు చూసి చేసుకున్నావు బౌదీ?"

"రంగూ లేదు, నోరూ లేదు. పెంచుకోవడానికి హాయి."

సంతంతా నవ్వేది. నేను సంచి కట్టేవాణ్ణి.

మొన్న ఆషాఢంలో ఆమెకి కుడిపక్క పడిపోయింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. అంత మాటకారికి మాటలన్నీ పోయాయి. పైకప్పు చూస్తూ పడుకునేది. చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలని రెండడుగుల గాజుతొట్టి తెచ్చి మంచం ఎదురుగా బల్లమీద పెట్టాను. రంగు కనబడాలని నాలుగు ఎర్ర ఖల్సేలు, అన్నీ మగవే, వేశాను. వెండిలా మెరుస్తాయని రెండు పూంటీ చేపలు కూడా వేశాను. గుంటలో వందలు కలిసి బతికేవి, తొట్టిలో ఆరు బతకవా అనుకున్నాను.

ఆమె తొట్టికేసి చూసింది. బాగున్న ఎడంచెయ్యి ఎత్తింది. నెలన్నర తర్వాత ఒక మాట వచ్చింది.

"చునో."

మా దగ్గర చునో అంటే కూరకి తెచ్చుకునే చిన్నచేపలు. ఆకలేసిందనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో. అప్పటికప్పుడు గుంటకెళ్లి దోసెడు తెచ్చి, ఆవాలూ పచ్చిమిరపకాయలూ నూరి, ఆమె చేసేటట్టే చేశాను. ముళ్లు తీసి నోట్లో పెట్టాను. రెండు ముద్దలు తింది. మూడో ముద్దకి మొహం తిప్పేసుకుంది.

"చునో," అంది మళ్లీ.

"ఉప్పు తక్కువైందా?"

"చునో. చునో." చెయ్యి తొట్టికేసే చూపిస్తోంది.

"వాటినా? అవి వండుకునేవి కావే పిచ్చిదానా," అన్నాను. ఆమె కళ్లమ్మట నీళ్లు కారాయి. రోగంలో ఏడుపు ఊరికే వస్తుందని ఆసుపత్రిలో చెప్పారు. తుడిచాను.

నాకు బడి మూడో తరగతితో సరి. ఆమెకి అక్షరమే రాదు. రాసి చూపించే దారి లేదు.

తొట్టిలో నాలుగింట్లో ఒకటి పెద్దరికం తెచ్చుకుంది. మిగతావాటిని తరిమేది. ఖల్సేకి పొట్టకింద రెండు మీసాలుంటాయి, దారపుపోగుల్లాగా. వాటితో తడుముకుంటూ తిరుగుతుంది. పూంటీలు ఆ పోగుల్ని కొరికేశాయి. వారానికో ఖల్సే చచ్చేది. నేను తీసి పారేసి, ఇంకోటి, ఇంకా ఎర్రటిది, తెచ్చి వేసేవాణ్ణి.

ఆమె "చునో" అనేది. నేను వండేవాణ్ణి. జీలకర్ర వేసి చేశాను. వంకాయ వేసి చేశాను. చివరికి పెదవులు బిగించేది. మాట కూడా మానేసింది. భాద్రపదం వెళ్లేలోపు ఆమే వెళ్లిపోయింది.

శ్రాద్ధం అయ్యాక, గుండుతో, హండీ పట్టుకుని ఒక్కణ్ణే సంతకి వెళ్లాను. ఒక పంతులమ్మగారు వచ్చారు.

"చిన్న తొట్టి కాకా, రెండడుగులది. కిందటిసారి తెచ్చినవి ఒకదాన్నొకటి చంపుకున్నాయి. కలిసుండేవి ఇవ్వండి."

నేను హండీలోకి చూస్తూ నిలబడ్డాను. అన్నీ ఎర్రవే. భూత్‌నాథ్ అందుకున్నాడు.

"మా బౌది ఉంటే చునో ఇచ్చేది దిదిమణీ. చునో ఖల్సే. ఇక్కడ వెలవెలబోతాయి గానీ, ఇంట్లో భయం తీరాక తేనెరంగు తిరుగుతాయి. అరడజను వేసుకోవచ్చు, ఒకదాని జోలికొకటి పోదు. పైన ఈదడానికి చారల అంజు చేపలు నాలుగు, అడుగున పాకే గుంతే చేప ఒకటీ రెండూ. పూంటీని మాత్రం రానివ్వకండి, మీసాలు కొరికేస్తుంది. ముప్పై ఏళ్లు ఇదే పాట విన్నాను, పావురాలక్కూడా వచ్చేసింది!"

నేనూ విన్నాను. అతని కన్నా దగ్గర్నించి విన్నాను. నా చేతుల్తోనే ఆ సంచులు కట్టాను. కూర కుప్పలోంచి ఆమె ఏరుకునేది వాటినే.

పంతులమ్మగారు వెళ్లిపోయారు. భూత్‌నాథ్ నాకు మట్టికప్పులో టీ తెచ్చిచ్చాడు.

"చివర్లో బౌది ఏమైనా అడిగిందా దాదా?"

"చునో అడిగింది."

"మరి తెచ్చిచ్చావా?"

"వండి పెట్టాను."

ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి. ఆ రోజు పావురాలకి గింజలు వేయడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఎర్రవాటినీ పూంటీల్నీ గుంటలో వదిలాను. వల వేసి, కూర కుప్పలో వేసేవాటిని ఆరు, ఒక్కొక్కటే చేత్తో ఏరాను. నాలుగు అంజూలు, ఒక గుంతే. నీళ్లు మార్చి, నాచు పెట్టి అన్నిటినీ వదిలాను. ఖల్సేలు పోగులతో ఒకదాన్నొకటి తడుముకుని, దేని చోటికి అది పోయింది.

ఆమెకి ఎలా కనబడేదో చూద్దామని ఆమె మంచంమీద, ఆమె దిండుమీద తలపెట్టి పడుకున్నాను. అంతవరకూ నేనలా చూడలేదు. కిటికీ వెలుగు గాజుమీద పడి తొట్టి ముప్పాతిక తెల్లగా మెరిసిపోతోంది. కనబడేది కింది ఎడమ మూల ఒక్కటే. దెబ్బలు తిన్న చేప వెళ్లి దాక్కునే మూల.

లేచి బల్లని రెండు జానలు జరిపాను. మళ్లీ పడుకుని చూశాను. ఇప్పుడు మొత్తం కనబడుతోంది.