బట్ట గులాబీల మీద నీళ్ళు

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి ఆరు గాజు వాజుల అడుగున రెసిన్ తెల్లబడి కనిపించింది. తొమ్మిదీ నలభైకి, వాజులు కడిగే మల్లమ్మను పనిలోంచి తీసేశారు.

ఆ అరగంటలో ఎల్లమ్మ నోరు తెరవలేదు.

ఇప్పుడు పదకొండు. కాడుగోడి రైలు స్టేషన్ వెనక షెడ్డులో ఎల్లమ్మ, పాడైన ఆరింటి బదులు చెయ్యాల్సిన వాటిలో మొదటి వాజు ముందు కూర్చుని ఉంది. పాతకాలం నమూనా అది. మెడ సన్నం, పొట్ట లావు, గాజులో ఆకుపచ్చ ఛాయ. కటింగ్ ప్లేయరుతో బట్ట గులాబీ కాడను జానెడుకి తుంచింది. లోపలి తీగను వంచింది. ఒక పువ్వు ముఖం కిందికి, ఒకటి పక్కకి, ఒకటి ఆకుల చాటుకి. పువ్వులన్నీ మనిషినే చూస్తుంటే అవి పువ్వులు కావని తెలిసిపోతుంది. ఈ సంగతి ఆమెకు షెడ్డులో ఎవరూ చెప్పలేదు. కాడుగోడి మార్కెట్లో ఇరవై ఆరేళ్ళు పూలబుట్ట ముందు కూర్చున్న మనిషి ఆమె. మోకాళ్ళు అరిగి నేల మీద కూర్చోలేక ఈ కుర్చీ పనికి వచ్చింది. నాలుగేళ్ళయింది.

పూలు సర్దాక వాజులో రెసిన్ పోస్తారు. చూడ్డానికి నీళ్ళే, తెల్లారేసరికి రాయి అవుతుంది. చుక్క తడి కలిసినా తెల్లబడుతుంది. ఇక ఆ వాజు పారెయ్యడమే. అందుకే సూపర్‌వైజర్ సందీప్ చూడగానే తడి అన్నాడు. తడి అనగానే మల్లమ్మ పేరెత్తాడు.

తడి ఎక్కడిదో ఎల్లమ్మకు తెలుసు. సోమవారం సాయంత్రం నాలుగింటికి కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చింది. ఎండ పూల మీద పడగానే ఆమె చెయ్యి తాగేనీళ్ళ సీసా మీదికి పోయింది. అరచేతిలో పోసుకుని ఆరు వాజుల వరసంతా చిలకరించింది. మార్కెట్లో రోజూ నాలుగింటికి చేసిన పని. చుక్కలు కాడల వెంట దిగాక గాని స్పృహ రాలేదు.

కడిగిన వాజులు తెచ్చిన మల్లమ్మ అది చూసి నవ్వింది.

"ఏమక్కా, బట్టపూలకి కూడా దప్పికయితాదా?"

"తలంటు పోసినాలే," అంది ఎల్లమ్మ. పమిటతో పైపైన ఒత్తింది. ఇంకో గంటకి రెసిన్ పోశారు.

అంటే మల్లమ్మకూ తెలుసు. పొద్దున సందీప్ అందరి ముందూ నిలబెట్టి అడిగినప్పుడు ఆమె ఎల్లమ్మ వైపు ఒక్కసారి చూసింది. "నేను తుడిచే ఇచ్చినానప్పా," అంది. ఇంకొక్క మాట చాలు. అనలేదు. ఎల్లమ్మ అంటుందని ఆగింది.

అలా ఆగడమే ఎల్లమ్మను కాలుస్తోంది. చెప్పేస్తే పోయేది కదా. ఏం మంచితనం ఇది. ఎవరడిగారు దీన్ని. ఆమె ప్లేయరు బిగించింది. తీగముక్క ఎగిరి గోడకి తగిలింది. కోపం మల్లమ్మ మీద కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

లేచి వెళ్ళింది. సందీప్ ఫోనులో ఫోటోలు పంపుతున్నాడు. నలభై వాజుల ఆర్డరు. బాగున్న ముప్పై నాలుగూ ఈ మధ్యాహ్నం బెళ్ళందూరు ఆఫీసుకి పోతాయి.

"అప్పా, ఆ నీళ్ళు చల్లింది నేను."

"ఏ నీళ్ళు?"

"నిన్న సాయంత్రం, పూల మీద. మల్లమ్మది ఏం తప్పు లేదు. ఆయమ్మని పిలిపించు."

సందీప్ ఫోను దించాడు. "ఈ పూల మీదా?" నవ్వాడు.

"అవును. నగుకో. నగినాక పిలిపించు."

"అయిపోయిందమ్మా. కడిగే ఆమెను తీసేసినామని ఓనర్‌కి చెప్పేసినా. మళ్ళా మార్చి చెప్తే నాకే తిట్లు. నువ్వు పోయి కూర్చో. సాయంత్రానికి ఆరూ కావాల."

"తప్పు నాదంటే నన్ను కదా తీసెయ్యాల?"

"నిన్ను తీసేస్తే పూలెవరు పెడతారు? కడిగేవాళ్ళు రేపు గేటు కాడ పదిమంది దొరుకుతారు."

కోపంగా అనలేదు. టీ తాగుతావా అని అడిగినట్టు అన్నాడు.

"అంటే నేను నిజం చెప్పినా అబద్ధం చెప్పినా నీకొకటే."

"టైమ్ లేదమ్మా."

"నాకుండాది." ప్లేయరు అతని ముందు పెట్టింది. "మల్లమ్మ వచ్చినాక నేనొస్తా. అంతదాకా నువ్వే పెట్టుకో పూలు. అన్నీ నీ మొగమే చూస్తా ఉంటాయి."

గేటు దగ్గర వాచ్‌మన్ మహబూబ్ బాషా లేచి నిలబడ్డాడు.

"మల్లమ్మ ఎట్ల పోయింది, బాషా?"

"ఇంటికి పోతానని మాలూరు రైలుబండికి పోయింది. ఏడ్వలేదు. నీ మోకాళ్ళు ఎట్లుండాయో అడగమనింది."

ఎల్లమ్మ స్టేషన్ వైపు నడిచింది. పదకొండున్నరకు ఆమె ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కడం బాషా చూశాడు. ఆ రోజు ఎల్లమ్మ గానీ మల్లమ్మ గానీ తిరిగి రాలేదు.

రెండింటికి లారీ కదిలింది. ముప్పై నాలుగు వాజులు ఎక్కాయి. షెడ్డు వెనక కుళాయికి మల్లమ్మ రబ్బరు చేతితొడుగులు వేలాడుతున్నాయి. ఎడమచేతిది తిరగబడి ఉంది. ఆ తొడుగు వేళ్ళు రెండు బయటికి రాక లోపలే ఉండిపోయాయి.