పదిహేడో గంట

...రెండే ఉండి ఉంటాయి, మూడెందుకుంటాయి, అని సంతాన సాఫల్య కేంద్రం ల్యాబులో ఆమె మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండానే మనసుకు నచ్చజెప్పుకుంటోంది. అండాన్ని వీర్యకణంతో కలిపిన పదిహేడో గంటకు చూస్తే లోపల రెండు బుడగల్లాంటి కేంద్రకాలు కనిపించాలి, తల్లిదొకటి, తండ్రిదొకటి. మూడుంటే ఆ పిండం నిలవదు. కొన్ని గంటలకు ఆ బుడగలు కరిగిపోతాయి. ఆపైన మంచి పిండమూ చెడ్డ పిండమూ ఒకేలా ఉంటాయి. నిన్న సరిగ్గా ఆ సమయానికి ఆమె పక్క గదిలో అక్కతో ఫోన్లో గొడవపడుతూ ఉండిపోయింది.

ఈరోజు పిండం నాలుగు కణాలై ముచ్చటగా ఉంది. బిడ్డ కోసం వచ్చిన ఆ దంపతులకు మిగిలింది ఇదొక్కటే.

"ఏమ్మా, నిన్న రెండే కదా?" గుమ్మంలోంచి డాక్టరమ్మ అడిగింది. "రేపు గర్భంలో పెట్టేద్దాం. ఆ అమ్మాయి మొగుడు అప్పుడే పేర్లు వెతుకుతున్నాడు, నా ప్రాణం తోడేస్తున్నాడనుకో."

ఆమెకు నవ్వు రాలేదు. అవునంటే చాలు, ఎవరికీ తెలియదు. కానీ ఒకవేళ మూడుంటే, ఆ అమ్మాయి కొన్ని వారాలు ఆశగా మోసి పోగొట్టుకుంటుంది. ఎందుకు పోయిందో తనొక్కదానికే అనుమానం ఉంటుంది.

కేసు కాగితంలో నిన్నటి గడి ఖాళీగా ఉంది. ఆమె పెన్ను తీసి అందులో "చూడలేదు" అని రాసి, సంతకం పెట్టి, కాగితం డాక్టరమ్మ చేతికిచ్చింది.