గోడలు తాగిన నీళ్లు

"ఈ బిల్డింగు లేచేదానికి నేను పడిన పాట్లు ఆ తిరుత్తణి మురుగన్‌కే తెలుసు" అని వెంకటపతి ఇంటికొచ్చిన చుట్టాలకు మళ్లీ మొదలుపెట్టాడు. అతని భార్య కాంచన అప్పుడే చంకన బిందెతో మూడో అంతస్తు ఎక్కి వచ్చింది. తిరువళ్లూరులో మొదటి ఫ్లాట్ల మేడ ఇదేనని, ఇంజినీరుతో తాను ఎలా పోట్లాడాడో, ఇసుక ఎలా తెప్పించాడో, అన్నీ చెప్తాడు. గోడలు తడిపింది ఎవరో మాత్రం చెప్పడు.

కొత్త సిమెంటు తడి ఆరితే పగుళ్లిస్తుందని, కూలీల మీద నమ్మకం లేదని, ఆ ఎండాకాలమంతా, అప్పట్లో కాపురమున్న పట్టాభిరామ్ ఊరినుంచి ఆమెను రోజూ రైలెక్కించి పంపాడు. "ఇంట్లో ఊరికేనే గదా ఉండావు, పొయ్యి నీళ్లు కొట్టి రా" అన్నాడు. "కోడలికి రోజూ షికారే" అని అత్త వరదమ్మ ఎగతాళి చేసింది. ప్రతి గోడా ఆమె నడుము మీద ఎక్కిన నీళ్లే తాగింది. ఇప్పుడు పూండి చెరువు నీళ్లు ఊరి పక్కనుంచే మదరాసుకు పోతున్నా, ఆ గోడల మధ్య మనుషులు తాగాలంటే కింది చేతిపంపే గతి.

ఆదివారం మగవాళ్లంతా మెట్ల దగ్గర కూర్చుని మీటింగు పెట్టారు. నీళ్లెక్కించే మోటారా, గేటు మీద ఓనర్ల పేర్లతో ఆర్చీయా?

"మోటారు యాల సామీ? ఆడోళ్లు మోస్తానే ఉండారు గదా, ఒళ్లు గట్టిపడతాది" అన్నాడు రెండో అంతస్తు షణ్ముగం. అందరికన్నా పెద్దగా నవ్వింది వెంకటపతి. బిందెతో దారి కోసం నిలబడిన కాంచన ఆ నవ్వు పూర్తయ్యేదాకా నిలబడే ఉంది. వెనక మెట్టు మీద షణ్ముగం భార్య దేవకి.

"విన్నావా అక్కా?" అంది దేవకి.

"విన్నాలే."

ఆర్చీయే గెలిచింది.

వెంకటపతి స్నానానికి ఒక పద్ధతి ఉంది. మొదటి బిందెతో ఒళ్లు తడుపుకుని సబ్బు రాసుకునేలోపల రెండో బిందె గడప దగ్గర ఉండాలి. పెళ్లయిన నాటినుంచీ ఒక్కరోజూ తప్పలేదు. మరునాడు పొద్దున మొదటి బిందె పెట్టి కాంచన కిందికి దిగింది. పంపు గట్టు మీద కూర్చుంది. దేవకి తన బిందె బోర్లించి పక్కనే కూర్చుంది.

కొంతసేపటికి పైన వరండా కమ్మీల మధ్య సబ్బు నురగతో తెల్లటి తల కనబడింది.

"ఏమ్మే! కండ్లు మండతా ఉండాయి! నీళ్లు యాడ?"

ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. కాంచన లేవలేదు.

"ఈడే ఉండాయి, దిగి రాండి. ఒళ్లు గట్టిపడతాది."