ఒక్క ముడి

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. మీసాలు రాకముందే సాంచల షెడ్డులో చేరిన రామచంద్రం, యాభై దాటాక చేతులు పడిపోయి బయటికొచ్చాడు. మొదట ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. అప్పుడు ఆసుపత్రి క్యాంపులో వైకల్యం ముప్పై ఐదు శాతమని రాశారు. నలభై ఉంటేనే పింఛను. ఇప్పుడు నరాల జబ్బు కుడిచేతికీ పాకింది. గ్లాసు కూడా పట్టుకోలేడు. శాతం మళ్లీ చూడమని దరఖాస్తు పెడితే, నెలల తర్వాత పిలుపొచ్చింది. ఇంట్లోకి వచ్చేది భార్య కమలవ్వ బీడీలు చుట్టిన కూలి ఒక్కటే. అదీ ఆయనకు సేవ చేయగా మిగిలిన పొద్దులో చుట్టినవి.

ఆ పొద్దున కమలవ్వ ఆయన చేతులకు వేడినీళ్ల కాపడం పెట్టింది. కాపడం పెడితే వేళ్లు కాసేపు వదులవుతాయి, బస్సులో కడ్డీ పట్టుకోవడానికైనా పనికొస్తాయి.

"ఆడ జర నోరు తెరువు. అన్నం నేనే తినవెడుతున్నని చెప్పు. అడుగకపోతే అవ్వైనా పెట్టది."

"సరే తియ్," అన్నాడు రామచంద్రం.

క్యాంపు దగ్గర వరుసలో వెనకాలే రాయమల్లు తగిలాడు. షెడ్డులో రామచంద్రం దగ్గరే పని నేర్చినవాడు, యాక్సిడెంటులో కాలు విరిగి కుంటుతున్నాడు. "మంచిగున్నవా కాకా?" అన్నాడు. తన చేతికింద పనిచేసినవాడి ముందు చేతకాదని చెప్పుకోవాలంటే రామచంద్రానికి అక్కడే సగం నోరు కట్టేసినట్టయింది.

కమలవ్వను గుమ్మం దగ్గర ఆపేశారు. డాక్టరమ్మది చిన్న వయసు, మంచి మనిషే. అటెండరు ఆయన చొక్కా గుండీలు విప్పితే, మెడా భుజాలూ నొక్కి చూసింది.

"మీ పనులు మీరే చేసుకుంటారా?"

తలుపు బార్లా తెరిచి ఉంది. వరుసంతా వింటోంది.

"ఏదో, చేసుకుంట మేడం."

"ఏం పని చేసేవారు?"

"సాంచలు నడిపిన."

ఆమె బ్యాండేజీ గుడ్డలోంచి ఒక పోగు లాగి, రెండుగా తెంపి ఆయన చేతిలో పెట్టింది. "ముడి వేయగలరా?"

చేతకాదని చెబితే సరిపోయేది. కానీ తెగిన పోగు అతకడం రానివాడిని షెడ్డులో మనిషిగా లెక్కపెట్టరు. రాయమల్లుకు చెవి మెలిపెట్టి ఆ ముడి నేర్పింది ఈయనే. ఇంత వయసొచ్చీ ఏం పంతమో! పళ్లు బిగబట్టాడు. వేళ్లు ఒక్కసారి మాట విన్నాయి. ముడి పడింది, ఒళ్లంతా చెమట పట్టింది.

"వేళ్లు బాగానే పనిచేస్తున్నాయే," అంటూ ఆమె కంప్యూటర్లో కొట్టింది. "ముప్పై శాతం."

ఆ మాట వినీ వినగానే కమలవ్వ అటెండరును తోసుకుని లోపలికొచ్చింది.

"ఈయన అబద్ధమాడిండు మేడం. అన్నం నేనే తినవెడుత. దొడ్డికి పోతె నేనే కడుగుత. జర మల్ల సూడుండ్రి, మీ కాల్మొక్కుత."

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది.

"ఎక్కించేశానమ్మా. ఇక మార్చడం నా చేతిలో లేదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పరువు దాచుకోబోయి ఆయన పింఛను పోగొట్టాడు. పింఛను కోసం నోరు విప్పి ఆమె ఆ పరువూ పోగొట్టింది. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

బయటికొచ్చేసరికి రామచంద్రం వేళ్లు ముడుచుకుపోయాయి. చొక్కా తెరుచుకునే ఉంది. కమలవ్వ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. రాయమల్లు కుంటుకుంటూ వచ్చి, కింది నుంచి ఒక్కో గుండీ పెట్టసాగాడు.

రామచంద్రం వద్దనలేదు. పై గుండీ దగ్గరికి వచ్చేసరికి, వీలుగా ఉండాలని గడ్డం పైకెత్తాడు.